సెనగవేరు పలకమీది వ్రాత

గడచిన జనవరి నెలలో ఒకనాటి సాయంకాలము మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని పెద్దారవీడు పొలిమేరలోని ఒక సెనగచేనికి పోయితిమి. విత్తిన పిమ్మట ఆ చేనిమీద ఒక్క వానయు కురియలేదు. పడమట నల్లమల కొండలు నీలముగా కనబడుచుండెను. చేలో రేగడి నెరలు విచ్చియుండెను. చేనుగల పెద్దాయన అనుమతి నిచ్చిన మీదట ఒక బాలుడు గడ్డపారతో రెండు మొక్కలను త్రవ్వి తీసెను. మొదటిదాని ఆకులు వాడియుండెను. దాని వేరు జానెడు పోయి ఆగియుండెను. రెండవది పచ్చగా నుండెను. దాని వేరు మూరెడు త్రవ్వినను కొన దొరకలేదు. తుదకు గడ్డపార తగిలి తెగిపోయెను.

పెద్దాయన ఆ తెగిన వేరును చేతబట్టుకొని మమ్ము జూచి, “అయ్యవారూ, పైన ఆకూ కాయా మేం చూసుకుంటాం. మన్నులో ఈ వేరు ఏం చేస్తుందో చూసినవాళ్లెవరన్నా ఉన్నారా?” అని యడిగెను. ఉన్నారని మేము చెప్పితిమి. కాని ఆనాడు మేము నిలుచుండి చెప్పిన నాలుగు మాటలు మాకే తృప్తి నియ్యలేదు. ఆయన కుమారుడు నాలుగేండ్లుగా పంట దక్కక హైదరాబాదునకు కూలిపనికి పోయినాడని తరువాత తెలిసినది. అట్టివారి ప్రశ్నకు అరకొర జవాబు చాలదు. కావున ఆ జవాబును ఇచట సవిస్తరముగా వ్రాయుచున్నాము. విద్యార్థులు దీనిని చదివి తమ తలిదండ్రులకు వినిపింతురని కోరుచున్నాము.

గ్రంథమును పలకయు

మొక్క శరీరమంతయు కణములతో కట్టబడినది. ప్రతి కణము నడుమ, దాని కేంద్రకమునందు, డి.ఎన్.ఏ. అను మిక్కిలి సన్నని పొడవైన దారము కలదు. అది ఒక గ్రంథము వంటిది. మన తెలుగునకు ఏబదికి పైగా అక్షరములుండగా ఆ గ్రంథమునకు నాలుగే అక్షరములు. వానిని శాస్త్రజ్ఞులు ఏ, టీ, జీ, సీ అని పిలుతురు. సెనగ గ్రంథమున ఇట్టి అక్షరములు సుమారు 74 కోట్లు కలవు. ఈ అక్షరముల వరుసలలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఆజ్ఞ వ్రాయబడియున్నది. అట్టి ఆజ్ఞకే జన్యువని పేరు. 2013వ సంవత్సరమున సెనగ గ్రంథమును చదివిన పరిశోధకులు దానియందు 28,000లకు పైగా జన్యువులున్నవని లెక్క తేల్చిరి.

ఇందు ఆశ్చర్యకరమైన విషయ మొకటి కలదు. ఆకులోని కణమునందును, పూవులోని కణమునందును, వేరులోని కణమునందును ఉన్న గ్రంథ మొక్కటియే. అయినను ఆకు పచ్చనై ఎండను గ్రహించును. వేరు తెల్లనై చీకటిలో నీటిని వెదకును. గ్రంథ మొక్కటియైనను వారు వారు చదువుకొను పుటలు వేరు. ఒక్క లెక్కల పుస్తకమునే ఒక యింటిలో వడ్డీ కట్టుటకును, మరియొక యింటిలో పొలము కొలుచుటకును తెరచినట్లని భావింపుడు.

మరి ఏ కణము ఏ పుటను చదువుచున్నదో మనకెట్లు తెలియును? ఇందుకు మన సీమలోని వస్తువే ఉపమానముగా దొరకుచున్నది. మార్కాపురము పలకలకు పేరుగన్న ఊరు. మనలో పలువురి తలిదండ్రులు ఆ రాతిపలకమీదనే అక్షరాభ్యాసము చేసినవారు. పలకమీద వ్రాసినది నిలుచునది కాదు. పని తీరగానే తుడిచి వేరొకటి వ్రాయుదురు. కణమును ఇట్లే చేయును. మూలగ్రంథము కేంద్రకము విడిచి బయటికి రాదు. ఏ ఆజ్ఞ కావలెనో దానిని మాత్రము కణము ఒక పలకమీద ఎత్తివ్రాసి బయటనున్న పనివారికడకు పంపును. ఆ వ్రాతను చూచి పనివారు ప్రోటీనులను తయారుచేయుదురు. పని తీరిన పిమ్మట వ్రాత చెరిగిపోవును. ఈ పలకమీది వ్రాతకు వార్తాహర ఆర్.ఎన్.ఏ. అని పేరు. ఒక జన్యువు ఇట్లు పలకకెక్కినచో అది అభివ్యక్తమైనదని చెప్పుదురు.

కావున వేరు ఏమి చేయుచున్నదో తెలిసికొనగోరువాడు గ్రంథమంతయు చదివినంతమాత్రమున చాలదు. ఆ సమయమున ఆ వేరులో ఏయే పలకలమీద ఏమేమి వ్రాయబడియున్నదో, తుడిచివేయబడకముందే చూచి నకలు తీసికొనవలెను. అట్టి నకళ్లనన్నిటిని శుభ్రపరచి, పేరు పెట్టి, వరుసగా అమర్చి, కోరినవారికి కోరినది వెంటనే దొరకునట్లు కంప్యూటరులో భద్రపరచిన పట్టికయే ఆ కణజాలపు జన్యుసమాచారనిధి. 1991లో అమెరికాలోని పరిశోధకులు మనుష్యుని మెదడు కణజాలమునుండి ఇట్టి నకళ్లను వందలకొలది తీసి ఈ పద్ధతి యెంత ఉపయోగకరమో చూపిరి. అటుపిమ్మట ఇది మొక్కలకును వ్యాపించెను.

పటాన్‌చెరువులో జరిగిన పని

హైదరాబాదునకు చేరువనున్న పటాన్‌చెరువులో ఇక్రిసాట్ అను అంతర్జాతీయ పంటల పరిశోధనాసంస్థ కలదు. అది 1972లో స్థాపింపబడినది. వాన తక్కువగల మెట్టసీమల పంటలే దాని పని: జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మొదలగునవి. ఇవన్నియు మన పొలములలోనివే. అచటి విత్తనభాండాగారమున లోకము నలుమూలలనుండి తెచ్చిన సెనగ రకములు సుమారు 20,000 భద్రపరుపబడియున్నవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య కలదు.

2005వ సంవత్సరమున, అనగా మావంటివారు ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన దినములలో, ఆ సంస్థకు చెందిన జయశ్రీ, బుహరీవాలా, షిండే, క్రౌచ్ అనువారు సెనగవేరునందు పలికిన జన్యువుల సమాచారనిధి నొకదానిని నిర్మించి ప్రకటించిరి. ఇందుకు వారు రెండు సెనగలను తీసికొనిరి. మొదటిది ఐ.సి.సి. 4958 అను సంఖ్యగలది. ఇది మొలచిన కొన్ని వారములలోనే పెద్ద వేరును లోతుగా దింపునని పేరుగాంచినది. రెండవది కర్ణాటకలోని ధారవాడ జిల్లా అన్నిగేరి పేరుమీద వెలసిన అన్నిగేరి రకము. ఇదియు బెట్టకు ఓర్చునదే గాని దీని ఉపాయము వేరు. ఈ రెండును చాల దగ్గరి చుట్టములు. పోలికలు మెండుగా గల యిద్దరి నడుమనే భేదమును వెదకుట సుకరమని వారిట్లు ఎంచుకొనిరి.

ఇక పని జరుగు తీరు వినుడు. మొదట మొక్కను పెకలించి వేరును కడిగి క్షణమాలస్యము చేయక గడ్డకట్టింతురు. ఇందులకు ద్రవ నత్రజనిని వాడుదురు. దాని శీతలత సున్నకు దిగువ 196 డిగ్రీలు. ఇంత తొందర యేల? పలకమీది వ్రాత త్వరగా చెరిగిపోవునని చెప్పితిమి గదా. మన వ్రేళ్ల చెమటలోనే దానిని చెరిపివేయు పదార్థములున్నవి. అందుచేత చేతొడుగులు లేక ఎవరును ముట్టరు. గడ్డకట్టిన వేరును పొడిగా నూరి అందులోని ఆర్.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. వార్తాహర ఆర్.ఎన్.ఏ.కు తోకవలె ‘ఏ’ అను అక్షరము వరుసగా అనేకసార్లు వచ్చును. ఆ తోకను పట్టుకొను గాలమువంటి సాధనముతో దానిని తక్కినవానినుండి విడదీయుదురు.

తరువాత ఆ చెరిగిపోవు వ్రాతను చెరగని డి.ఎన్.ఏ. రూపమున ఎత్తివ్రాయవలెను. పలకమీది లెక్కను నోటుపుస్తకములోని కెక్కించుట వంటిది ఈ పని. దీనిని చేయు ఎంజైమును 1970లో టెమిన్, బాల్టిమోర్ అనువారు వేర్వేరుగా కనుగొనిరి. 1975లో వారికి నోబెలు బహుమానము లభించెను.

అటుపిమ్మట తీసివేత. రెండు సెనగల వేళ్లలోను సామాన్యమైన పనులు అనేకములు జరుగుచుండును. ఊపిరి తీయుట, కణమును పెంచుట మొదలగునవి. వానిని పదేపదే చదువుట వృథాశ్రమ. రెండు తరగతుల హాజరుపట్టికలను ప్రక్కప్రక్కన బెట్టి, రెండింటను గల పేర్లను కొట్టివేసినచో ఒకదానియందు మాత్రమే గల పేర్లు మిగులును గదా. డి.ఎన్.ఏ. తునకలు తమకు సరియైన జతను చూచి అంటుకొను స్వభావము గలవి. ఒక మొక్క తునకలతో రెండవ మొక్క తునకలను విస్తారముగా కలిపినచో, రెండింటను గలవి జతలై అంటుకొనును. జత దొరకనివి మిగులును. ఆ మిగిలినవానినే ఏరి తీసికొందురు.

ఏరిన తునకలను ఒక్కొక్కదానిని హానిలేని సూక్ష్మజీవులలో ప్రవేశపెట్టి పెంచుదురు. ఒక సూక్ష్మజీవి రాత్రికి రాత్రి కోట్లుగా పెరుగును గనుక లోపలి తునకయు అన్ని ప్రతులై వృద్ధిపొందును. ఇట్టి సూక్ష్మజీవుల సముదాయమే వారి గ్రంథాలయము. దానినుండి ఒక్కొక్క తునకను తీసి యంత్రముతో దాని అక్షరములను చదువుదురు. ఒక్క చదువునకు కొన్ని వందల అక్షరములు మాత్రమే వచ్చును. కావున చేతికి వచ్చునది జన్యువు ముక్కయేగాని సంపూర్ణ జన్యువు కాదు. ఐనను ఆ ముక్క గుర్తుపట్టుటకు చాలును. చింపిరి కాగితమున నాలుగు పంక్తులు చూచి ఇది ఏ పాఠములోనిదో మీరు చెప్పలేరా?

పేరు పెట్టుట

ఇంతవరకు జరిగినది చేతిపని. ఇక మీదట జరుగునది కంప్యూటరు పని. ఇది తేలికయని తలంపరాదు. చదివిన అక్షరములలో తప్పులుండును. సూక్ష్మజీవికి చెందిన అక్షరములు అంచులలో అంటియుండును. వానిని కత్తిరించి పారవేయవలెను. ఒకే జన్యువుయొక్క ముక్కలు పలుమారులు వచ్చియుండును. ఒకదాని చివర మరియొకదాని మొదటితో సరిపోయినచో రెంటిని అతికి ఒకటిగా చేయవలెను. లేకున్నచో ఒక్క మనుష్యుని పేరు జనాభాలెక్కలో మూడుమారులు ఎక్కినట్లగును.

తరువాత ప్రతి ముక్కను, అదివరకు లోకములో ఎవరైనను గుర్తించి ప్రకటించిన జన్యువులతో పోల్చి చూతురు. ఇట్టి పోలికకు 1990లో వెలువడిన బ్లాస్ట్ అను సాధనము ప్రసిద్ధము. ఒక ముక్క వేరొక మొక్కలో నీటిని దాటించు ప్రోటీను జన్యువును పోలియున్నచో, ఇదియు అట్టి పని చేయునేమోయని దాని యెదుట వ్రాయుదురు. దేనిని పోలనిచో తెలియదనియే వ్రాయుదురు. ఆ ‘తెలియదు’ అను మాటను సిగ్గుపడక వ్రాయుటయే శాస్త్రమునందు నిజాయితీ. పరీక్షలో తెలియని ప్రశ్నకు తోచినదెల్ల వ్రాయు అలవాటుగలవారు ఈ సంగతిని గమనింతురుగాక.

ఇట్లు 2,800లకు పైగా ముక్కలు ఆ నిధియందు చేరెను. అది దాచియుంచబడలేదు, లోకమునందలి పరిశోధకులెల్లరు వాడుకొనునట్లు బహిరంగము చేయబడెను. ఆ పనివారే తమ పట్టికను వాడియు చూపిరి. పని యేదో తెలిసిన 477 ముక్కలనుండి వారు 106 గుర్తులను తయారుచేసిరి. పండించు సెనగతోపాటు అడవిసెనగలను చేర్చి తొమ్మిది జాతులమీద వానిని పరీక్షింపగా, 44 గుర్తులు జాతుల నడుమ భేదమును చూపెను. అడవిసెనగలలో తెగుళ్లను, బెట్టను ఓర్చు గుణములు కలవు. కాని వానిని మన సెనగతో సంకరము చేయుట కష్టము. ఏది దేనికి దగ్గరో ఇట్టి గుర్తులు తెలుపును.

పట్టిక అంతటితో ఆగలేదు. 2009లో బెట్టకును, ఉప్పునకును గురిచేసిన సెనగవేళ్లనుండి తీసిన 20,162 ముక్కలు ప్రకటింపబడెను. ఈ మారు ఉప్పు పరీక్షకు తీసికొనినవానిలో జె.జి. 11 ఒకటి. ఆ పేరు మన రైతులలో ఎరుగనివారు అరుదు. 2018లో వేరు మాత్రమేగాక ఆకు, కాండము, పూవు, కాయ మొదలగు 27 నమూనాలతో, మొలక మొదలు ముదురువరకు గల అయిదు దశలలో, సెనగ జన్యు అభివ్యక్తి పటము వెలువడెను. దానికి తీసికొనిన మొక్కయు ఐ.సి.సి. 4958యే.

పట్టిక చెప్పనిది

ఇచట పాఠకులకు మూడు హెచ్చరికలు చేయవలసియున్నది. మొదటిది, పట్టికలో లేనంతమాత్రమున ఒక జన్యువు వేరులో లేదని తలంపరాదు. వేరును తీసిన దినమున అది పలుకకయుండవచ్చును. పలికినను ఏరుటలో జారిపోవచ్చును. రెండవది, పోలికనుబట్టి పెట్టిన పేరు ఊహయేగాని ఋజువు కాదు. మూడవది, బెట్టలో పలికిన ప్రతి జన్యువును బెట్టనుండి కాపాడునది కాదు. ఇల్లు తగలబడినపుడు కేకలు వేయువారందరు నీళ్లు తెచ్చువారు కారు గదా.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. లోతువేరు మంచిదని మేమును చిరకాలము తరగతిలో బోధించితిమి. కాని 2011లో ఇక్రిసాట్‌వారే ప్రకటించిన పరిశోధనలో, కోతకు ముందు వచ్చు బెట్టను ఓర్చుటకు లోతైన వేరుకంటె నీటిని పొదుపుగా వాడుకొను స్వభావమే ముఖ్యమని తేలెను. లేతవయస్సున నీటిని మితముగా త్రాగి, పూతకు కాతకు మిగుల్చుకొనిన మొక్కయే గింజ నిచ్చెను. లోతున నీరే లేని నేలలో ఎంత పొడవు వేరు దింపినను ఏమి ఫలము? పట్టికను తయారుచేసిన చోటనే పట్టికకు మూలమైన తలంపును పరీక్షించి సవరించుకొనుట మాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచినది. మేమును మా పాఠమును సవరించుకొంటిమి.

మరి ఇదంతయు విత్తనమైనదా యని పెద్దాయన యడుగవచ్చును. పట్టిక ఒక్కటియే విత్తనమును తేలేదు. సంకరసంతతులను ఏండ్లతరబడి పొలములలో కొలిచి, ఐ.సి.సి. 4958 గ్రంథమున బెట్టకు తోడ్పడు గుణములు గుంపుగా చేరియున్న భాగమును పరిశోధకులు గుర్తించిరి. ఆ భాగమును పూసా 372 అను రకములోనికి తెచ్చి, పూసా సెనగ 10216 అను కొత్త రకమును సిద్ధపరచిరి. అది 2019లో ప్రకటింపబడెను. అయితే అది మధ్యభారతమునకు సిఫారసు చేయబడినదిగాని మన సీమకు కాదు. వేరుయొక్క పట్టిక వెలువడిన పదునాలుగేండ్లకు ఈ విత్తనము వచ్చెను. ఈ లెక్కను దాచి, రేపే మన చేలు పచ్చనగునని పెద్దాయనకు చెప్పుట మాకు చేతకాదు.

ఐనను ఆయన ప్రశ్నకు ఉత్తరము కలదు. మన్నులో వేరు చేయు పనిని చూచినవారు కలరు. చూచినది వ్రాసి దాచినవారు కలరు. ఆ వ్రాతను అందరికి తెరచి యుంచిరి. చేయవలసిన పని ఇంకను మిగిలియున్నది. దానికి కావలసినది గొప్ప యంత్రములు మాత్రమే కాదు. తెలిసినదానిని తెలిసినట్లు, తెలియనిదానిని తెలియనట్లు తప్పక వ్రాయు చేయి కావలెను. ఆ చేయి పెద్దారవీడు బాలబాలికలది ఏల కారాదు?

ఈ యేడు మేము తొమ్మిదవ తరగతికి ఒక నోటుపుస్తకము తెరచితిమి. ఎవరి చేనిలో ఏ రకము విత్తిరి, ఏ దినమున విత్తిరి, ఎన్ని వానలు కురిసెను, ఎప్పుడు పూచెను, ఎంత పండెను అను సంగతులను బాలురును బాలికలును తమ యింటివారి నడిగి అందులో వ్రాయుచున్నారు. మొదటి పుటలో గత జనవరి నాటి రెండు మొక్కలను ఎక్కించితిమి. మొదటిదాని వేరు జానెడు. రెండవదాని యెదుట ‘తెలియదు’ అని వ్రాసితిమి. ఏలయన కొన చేరకముందే మా గడ్డపార దానిని తెంపివేసెను. ఆ రెండింటి భేదమునకు విత్తనము కారణమో, అడుగునున్న నేల కారణమో అదియును మాకు తెలియదు. రాబోవు జనవరిలో మరల ఆ చేనికి పోవుదుము. ఈ మారు గడ్డపారను కొనిపోము. బిందెలతో నీరు పోసి, మన్ను నానబెట్టి, వేరును కడిగి, కొనదాక తీయుదుము.